బావ ప్రోగ్రాం ఆగిన రోజు

మా బావ బూట్లు కుట్టడానికి చెక్క అచ్చులు చేసేవాడు. రెండు పాదాలూ ఒక్క తీరున లేనివాళ్ల కోసం, ఎవరి పాదానికి వాళ్ల అచ్చు. చదివింది పదో తరగతి. చెక్కే యంత్రం కొన్నాక దాన్ని నడిపే ప్రోగ్రాం కూడా పుస్తకం ముందేసుకుని తనే రాసుకున్నాడు. మడమ వంపు దగ్గర కత్తి కాస్త ఆగి తిరగాలి. అలా ఆగడానికి ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడిగే పాత ఆదేశం ఒకటుంది, మా భాషలో కాల్ అంటాం, దాన్ని వాడాడు. అది మొద్దుది. చెప్పినదానికంటే ఎక్కువే ఆగేది, అదీ ఒక్కోసారి ఒక్కోలా. బావ దాని నడక చెవితో పట్టి, దానికి తగ్గ అంకెలు వేసుకున్నాడు.

ఆ సిస్టమ్ తయారుచేసే చోటే నా ఉద్యోగం. ఆ కాల్ ఇక వాడొద్దని నాలుగేళ్ల కిందట చాటాం. వాడిన ప్రతిసారీ తెరమీద హెచ్చరిక పడేలా పెట్టాం. ఎవరూ గోల చెయ్యలేదు. ఎవరూ వాడట్లేదనుకుని కొత్త సిస్టమ్‌లోంచి తీసేశాం. తీసేసింది నా చేత్తోనే.

సెలవులకి వెళ్లినప్పుడు, మేలు చేస్తున్నాననుకుని బావ యంత్రానికి కొత్త సిస్టమ్ ఎక్కించాను. ప్రోగ్రాం లేవలేదు.

"ఇన్నాళ్లూ హెచ్చరిక రాలేదా బావా?"

"రాకేం? తెరంతా చెత్త చేస్తోందని దాని నోరు నొక్కేశా. మీ అక్క నోరే నా వల్ల కాలేదు!"

అక్క నవ్వలేదు. నన్ను వంటింట్లోకి పిలిచింది. "ఆర్నెల్లుగా అన్నీ మర్చిపోతున్నార్రా. ఆ యంత్రం దగ్గరొక్కటే మామూలుగా ఉంటారు. అది ఆగితే మనిషి మిగలరు."

దాని బదులు వచ్చిన కొత్త కాల్ పెట్టి చూశాను. అది చెప్పినంతే ఆగుతుంది. మడమ దగ్గర గీత పడింది. బావ బొటనవేలితో తడిమి, అచ్చు పక్కన పడేశాడు. ఎంతసేపు ఆగాలో చెప్పగలిగేది తనొక్కడే. కూర్చోబెట్టి అడిగాను. తెరమీది ప్రోగ్రాం వరసలు పైనుంచి కిందికి చూశాడు.

"ఇదెవడు రాశాడ్రా?"

"నువ్వే బావా."

"ఊరుకో, నాతో వేళాకోళమా!"

రెండు రోజులు అంకెలు మార్చి మార్చి చూశాను. కుదరలేదు. మూడోనాడు పాత సిస్టమే, బావ ప్రోగ్రాం ఉన్నదున్నట్టుగా, తిరిగి ఎక్కించి, కొత్తది దానంతటదే మళ్లీ ఎక్కకుండా నెట్ తీగ పీకేశాను. వంపు దగ్గర కత్తి ఆగింది, తిరిగింది. బావ కళ్లు మూసుకుని విన్నాడు. అచ్చు తీసుకుని మడమ చుట్టూ బొటనవేలు నడిపాడు.

"ఎవడోగానీ పనోడురా. కనబడితే నేనన్నానని చెప్పు."

"చెప్తాను బావా" అన్నాను.