గాలి కన్ను

ముప్పై ఏళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన తాతను అక్కడ అందరూ కామా అనేవారు. మాటకు ఎక్కడా ఫుల్‌స్టాప్ పెట్టడని. ఎదుటివాళ్ల తప్పు ఒక్క అక్షరం వదిలేవాడు కాదు. సొంత కోతలకు మాత్రం దిద్దుబాటు ఉండేది కాదు. ఏ ఇంగ్లీషు మాట పుట్టుక అడిగినా, ఒక రాజునూ ఒక కుంటి గుర్రాన్నీ జోడించి చెప్పేవాడు. కిందటేడు మనవరాలు ఆ గుర్రాన్ని నమ్మి బళ్లో చెప్పి నవ్వులపాలైంది. రెండు నెలలు తాతతో మాట్లాడలేదు.

ఇప్పుడు మళ్లీ నోటుబుక్కుతో వచ్చి ఎదురుగా కూర్చుంది.

"విండో అనే మాట ఎక్కణ్ణించి వచ్చిందో రేపు క్లాసులో చెప్పాలి. గుర్రాలొద్దు తాతయ్యా."

"గుర్రాల్లేవే తల్లీ. ఉత్తరాది సముద్రాల మీద తిరిగిన ఓడవాళ్ల పాత మాట అది, విండౌగా. మొదటి సగం గాలి, రెండో సగం కన్ను. మన గవాక్షం ఆవు కన్ను. అందులో ఉన్న అక్షీ, వాళ్ల ఔగా ఒకే తల్లి బిడ్డలు."

మనవరాలు పెన్నుకు మూత పెట్టేసింది. "గాలికి కన్ను, ఆవుకి కన్ను. మళ్లీ మొదలెట్టావు."

"ఇంత పెద్దది నా దగ్గర కూడా ఎప్పుడూ కొయ్యలేదు," అంది వంటింట్లోంచి నాయనమ్మ.

అబద్ధమాడి దొరికిపోవడం కామాకు అలవాటే. నిజం చెప్పి దొరికిపోవడం ఇదే మొదలు.

రుజువు ఇంట్లోనే ఉంది. రిటైరైన రోజు ప్రెస్సువాళ్లిచ్చిన పన్నెండు సంపుటాల ఇంగ్లీషు నిఘంటువు. బీరువాలో పదకొండే ఉన్నాయి. గడియ విరిగిన కిటికీ రెక్క కొట్టుకోకుండా, వడ్రంగి వచ్చేదాకా అని, విండో మాట ఉన్న చివరిదాన్ని ఆయనే అడ్డం పెట్టాడు. వడ్రంగి రాలేదు. నాలుగు వానాకాలాలు వచ్చి వెళ్లాయి.

పుస్తకం లాగగానే రెక్క ధడాలున మూసుకుంది. కాగితాలు ఉబ్బి అతుక్కుపోయి ఉన్నాయి. మనవరాలు స్కేలు దూర్చి ఒక్కొక్కటే విడదీస్తుంటే ఆయన ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఆ ఒక్క పేజీ చిరిగితే ఈ జన్మకు తనను నమ్మదు.

చిరగలేదు. ఆమె వేలు పెట్టి చదివింది. మళ్లీ చదివింది.

"గాలి ఉంది. కన్నూ ఉంది." లేచి బీరువాలోంచి ఇంకో సంపుటం తీసి, కన్ను దగ్గర అక్షి కూడా ఉందో లేదో చూసుకుని మరీ పెన్ను మూత తీసింది.

కామా వెనక్కి వాలాడు. "ఆ ఓడల్లో ఒకదాంట్లో ఒక కుంటి..."

"తాతయ్యా."

ఆగిపోయాడు.

మనవరాలు చివరి సంపుటాన్ని బడి సంచిలో పెట్టుకుంది. గదిలో ఉక్కపోస్తోందని గొణుక్కుంటూ వచ్చిన నాయనమ్మ, బీరువాలోంచి పదకొండోది తీసి కిటికీకి అడ్డం పెట్టింది.