అరవై మీద నాలుగు

నా కారుకు కంపెనీ వేసి ఇచ్చిన చక్రాలు పదమూడు అంగుళాలవి. టైరు పక్కన 155/80 అని అచ్చు ఉండేది. ఎనిమిదేళ్ళు ఆ కారు తోలినా ఆ అంకెలకు ఒక అర్థం ఉంటుందని నేను పట్టించుకోలేదు. పట్టించుకున్న రోజు, వాటిని మార్చేయాలన్న కోరికతోనే పట్టించుకున్నాను.

అప్పుడు నేను కుప్పంలో లెక్చరర్‌ని. వారమంతా అక్కడ ఒక గదిలో ఉండేవాణ్ణి. నా భార్య మదనపల్లెలో నర్సు. అత్తామామలు పుంగనూరులో ఉండేవాళ్ళు. శనివారం కుప్పంలో బయల్దేరి, పుంగనూరులో ఆగి అత్త ఇచ్చే కాఫీ తాగి, సాయంత్రానికి మదనపల్లె ఇంటికి చేరడం, సోమవారం తెల్లవారకముందే లేచి మళ్ళీ అదే దారి పట్టడం. ఇదీ నా బతుకు.

ఆ దారిలో ఊరికొక స్పీడ్ బ్రేకరు. ప్రతిదాని మీదా కారు పొట్ట గీసుకునేది. అందుకని పెద్ద టైర్లు వేయించానని అందరికీ చెప్పాను. అది సగమే నిజం. మా కాలేజీలో నాకంటే చిన్నవాడొకడు ఎత్తైన కారు కొన్నాడు. దాని పక్కన నిలబెడితే నా కారు నేలకు అతుక్కుపోయినట్టు కనిపించేది. మిగతా సగం అదీ.

కుప్పంలో టైర్ల షాపు ఆయన తమిళం కలిసిన తెలుగు మాట్లాడేవాడు. మనిషి నిదానం. నేను అడిగిన సైజు విని వెంటనే ఒప్పుకోలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, చక్రానికీ పైనున్న రేకుకీ మధ్య సందులో చెయ్యి పెట్టి చూశాడు.

"పద్నాలుగు అంగుళాల వీల్ ఎక్కుతాది సార్. నూట ఎనభై ఐదు, డెబ్బై టైరు. కానీ మీ పాత చక్రం కంటే ఇది పెద్దదైపోతాది. ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతాది. మీటరుకు ఆ సంగతి తెలీదు సార్, అది పాత లెక్కే సూపిస్తాది."

"అంటే?"

"ముల్లు అరవై మీద ఉంటే బండి అరవై నాలుగు పోతాంటాది. బ్రేకు గూడా ఒక రవ్వ లేటుగా పట్టుకుంటాది. మీ బండి మీరే తోల్తారా?"

"నేనే."

"అయితే సరే. మీకు తెలుసు గదా ఇంగ. వేరేవాళ్ళకు ఇచ్చేటప్పుడు మాత్రం చెప్పి ఇయ్యండి."

చెప్తానన్నాను. షాపు అద్దంలో కారును చూసుకుంటున్నానో, ఆయన మాట వింటున్నానో నాకే తెలియదు. చక్రాలు వేయించుకున్న మరుసటి రోజు వి.కోట దగ్గర తిన్నని రోడ్డు మీద ఫోనులో వేగం చూపే యాప్ పెట్టి చూశాను. ముల్లు అరవై. ఫోను అరవై నాలుగు. షాపు ఆయన లెక్క తప్పలేదు. సరదాగా నవ్వుకున్నాను కూడా.

మా మామ ముప్పై ఏళ్ళు ఒక మిషన్ ఆసుపత్రిలో జీపు తోలాడు. పల్లెల నుంచి కాన్పు నొప్పుల వాళ్ళను, పాము కాటు వాళ్ళను తీసుకొచ్చిన బండి అది. ఎంత తొందర పనైనా అరవై దాటేవాడు కాదని ఆసుపత్రిలో పేరు. "నేను ఆపలేని వేగం నాకొద్దు" అనేవాడు. బండెక్కగానే స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి, కళ్ళు మూసుకొని, పెదవులు మాత్రమే కదిలేలా ప్రార్థన చేసుకునేవాడు. తర్వాతే తాళం తిప్పేవాడు.

ఆ శనివారం నేను పుంగనూరు చేరగానే ఆయన గేటు బయటికొచ్చి కారును తేరిపార చూశాడు.

"ఏందల్లుడా, బండి పొడుగైంది?"

"రోడ్లు సూస్తాండారు గదా మామా. అడుగు తగల్తాంది."

ఆయన వంగి టైరు మీది అంకెలు వేలితో తడుముతూ చదివాడు. లేచి నా ముఖంలోకి చూసి అడిగాడు:

"మీటరు సరిగా ఉండాదా?"

డ్రైవరు కదా, ఆయనకు తెలుసు. నిజం చెబితే, వెంటనే పాత చక్రాలు వేయించమంటాడని కూడా నాకు తెలుసు. ఆయన మాటకు ఎదురు చెప్పడం మా ఇంట్లో లేదు. కొత్తవి వేయించి ఇంకా వారం కాలేదు.

"షాపులోనే సరిచేసినారు మామా" అన్నాను.

ఆయన తల ఊపాడు. నా మాట మీద ఆయనకు అనుమానం ఎప్పుడూ లేదు.

నాలుగు వారాలు గడిచాయి. ఐదో శనివారం కుప్పం నుంచి వస్తూ వస్తూనే నాకు చలిజ్వరం పట్టుకుంది. పుంగనూరు చేరి మంచం మీద పడ్డాను. నా భార్యకు మధ్యాహ్నం మూడింటికి డ్యూటీ అయిపోతుంది. తనను తీసుకొస్తానని మామ తాళాలు అడిగాడు. దుప్పటిలోంచి చెయ్యి చాపి ఇచ్చాను. చెప్పాలని ఒక్క క్షణం అనిపించింది. నోరు విప్పితే అబద్ధం బయటపడుతుందని మింగేశాను. కారు గేటు దాటిన చప్పుడు విని, గోడవైపు తిరిగి పడుకున్నాను.

మదనపల్లె దారిలో ఒక మలుపుంది. ఎడమ పక్క మామిడి తోట, కుడి పక్క బీడు. ఆ బీడులో గొర్రెలు మేపుకొని ఒక ముసలామె రోడ్డు దాటిస్తోంది. మంద దాటింది. ఒక గొర్రెపిల్ల మాత్రం వెనక్కి తిరిగి రోడ్డు మీదికి ఉరికింది. దాన్ని పట్టుకోవడానికి ఆయమ్మ కూడా తిరిగింది. మామ బ్రేకు తొక్కాడు. కారు జారుకుంటూ పోయి దాదాపు ఆగిపోయిన చోట ఆమెకు తగిలింది. గట్టిగా కాదు. పక్కన మనిషి తోసినంత. కానీ ఆమె పడ్డ చోట రోడ్డు అంచున పాతిన రాయి ఉంది.

మామ ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టుకొని మదనపల్లె ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. నా భార్య అప్పుడే డ్యూటీ దిగి గేటు దగ్గర నిలబడి ఉంది. తనకోసం వచ్చిన కారులోంచి తనే స్ట్రెచర్ మీదికి ఆమెను దించింది. తెల్లారి తొమ్మిది గంటలకు ఆయమ్మ పోయింది.

కేసు పెట్టారు. కారు పోలీస్ స్టేషన్ ముందు వేపచెట్టు కింద మూడు వారాలు ఉంది. బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చి చూసిన రోజు యజమానిగా నేనూ వెళ్ళాను. ఆయన బ్రేకులు చూశాడు, స్టీరింగు చూశాడు, టైరు అరుగుదల చూశాడు. "కొత్త టైర్లే గదా, బాగుండాయి" అని రాసుకున్నాడు. సైజు అడగలేదు. అడిగితే చెబుదామని నాలో నేను అనుకుంటూ నిలబడ్డాను. అడగనందుకు ఆయనకు టీ తెప్పించి ఇచ్చాను. ఆ టీని తలుచుకుంటే ఈ రోజుకీ సిగ్గేస్తుంది.

కారు చేతికి రాగానే కుప్పం తీసుకెళ్ళి పాత చక్రాలు వేయించాను.

ఆ మలుపులో టైర్ల గీతలు రెండు, వానలు పడేదాకా పోలేదు. ఒక సోమవారం అటు పోతూ దిగాను. గీతలు మొదలైన చోటి నుంచి అడుగులు వేశాను. అవి ఆగిన చోటికీ ఆమె నిలబడిందని మామ చెప్పిన చోటికీ మధ్య నా అడుగులు రెండు. బండి రెండడుగులు ముందే ఆగి ఉంటే గొర్రెపిల్లను పట్టుకొని ఆయమ్మ మామను నాలుగు తిట్టి వెళ్ళిపోయేది. అరవైకీ అరవై నాలుగుకీ ఆగే దూరంలో తేడా ఎంతో కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఆయన్ను అడిగాను, ఎందుకో చెప్పకుండా. ఆయన కాగితం మీద వేసి చూపించాడు. ఆ కాగితం మీద కూడా రెండడుగులకు ఎక్కువే వచ్చింది.

అప్పటి నుంచి ముల్లు అరవై మీదికి వచ్చిన ప్రతిసారీ నా పాదం దానంతట అదే బ్రేకు మీదికి పోయేది. ఎదురుగా ఎవరూ ఉండరు. అయినా ఒక ముసలామె వంగి, చేతులు చాపి, రోడ్డు మీద దేన్నో పట్టుకోబోతున్నట్టు ఉండేది. ఆమె ముఖం నేను ఎప్పుడూ చూడలేదు. అందుకే ఆ ముఖం ఉండాల్సిన చోట రోజుకొక ముఖం కనిపించేది.

మామకు శిక్ష పడలేదు. రెండేళ్ళకు కేసు కొట్టేశారు. కానీ ఆయన కారు ఎక్కడం మానేశాడు. వరండాలో కుర్చీలో కూర్చొని, కుడి పాదం మడమ మీద ఆనించి, వేళ్ళతో నేలను తొక్కుతూ ఉండేవాడు. తొక్కడం, వదలడం, మళ్ళీ తొక్కడం.

"ఏంది మామా, కాలు నొస్తాందా?" అని ఒకరోజు అడిగాను.

"లేదల్లుడా. అరవైలో పోతాంటే నా బండి యాడ ఆగుతాదో నాకు తెలుసు. ముప్పై ఏండ్లు ఆపినా. ఆ పొద్దు ఆగలా. ఈ కాలే లేటు చేసింది. ముసిలోడినైనానని తెలుసుకోకుండా తాళాలు అడిగినా. నేనే సంపినా ఆయమ్మను."

ఆ మాటకు కూడా నేను నోరు విప్పలేదు. ఇంకో ఏడాది విప్పలేదు. గుడ్ ఫ్రైడే ఆరాధన నుంచి వచ్చాక ఆయన భోజనానికి కూడా లేవకుండా అదే కుర్చీలో, అదే పాదంతో నేల తొక్కుతుంటే ఇక చూడలేకపోయాను. ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"మామా, మీ కాలు లేటు చేయలేదు. మీరు అరవై నాలుగులో ఉండారు. మీటరు తప్పు."

పాదం ఆగింది. నా వైపు చూసి అన్నాడు:

"నేనడిగినా గదా అల్లుడా. మీటరు సరిగా ఉండాదా అని."

"అడిగినారు."

"సరిచేసినారని సెప్పినావు."

"సెప్పినా."

వంటింటి గడప దగ్గర నా భార్య నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు. "నా చేతులతో దించినా ఆయమ్మను. నాకు గూడా చెప్పలేదే నువ్వు" అంది. ఆ మాట తర్వాత చాలా రోజులు మా మధ్య అవసరమైన మాటలే మిగిలాయి.

మామ చొక్కా మార్చుకొని వచ్చాడు. "పా. ఆయప్పకు సెప్పల్ల" అన్నాడు.

మేము పోయేసరికి ఆయమ్మ భర్త ఇంటి ముందు దొడ్డికి కంచె కట్టుకుంటున్నాడు. మామను గుర్తుపట్టాడు, నన్ను పట్టలేదు. నేను టైర్ల సంగతి చెప్పాను. చక్రం, చుట్టు, ముల్లు, నాలుగు. ఆయన చేతిలో ముళ్ళకంప పట్టుకొనే ఓపిగ్గా విన్నాడు.

"నాకు ఇవన్నీ తెలీవప్పా. తప్పు బండిదా, మనిషిదా?"

"మనిషిది. నాది."

ఆయన కంప కింద పెట్టాడు. "మూడేండ్లు ఆ తప్పు గొర్రెపిల్లదే అనుకొని ఉంటి. దాన్ని అమ్మకుండా, కోయకుండా ఈడనే పెట్టుకోనుండా, మా ఇంటామె దానికోసం పోయిందే అని. ఇప్పుడు నువ్వొచ్చి ఇంగొకటి సెప్తాండావు." కింద పెట్టిన కంప మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "మంచిది, సెప్పినారు. ఇంగ రాబాకండప్పా. మీరొస్తే ఆమె మళ్ళా పోయినట్టుంటాది."

తిరిగి కారు దగ్గరికి వచ్చాక మామ తాళాల కోసం చెయ్యి చాపాడు. టైర్ల దగ్గర వంగి అంకెలు నాలుగు చక్రాలకూ చదివాడు. తర్వాత ఎక్కి, ఇంటిదాకా తోలాడు.

ఇప్పుడు ఆయన పుంగనూరులో ఎవరికి కావాలన్నా వాళ్ళ బండి తోలి పెడుతున్నాడు. నేల తొక్కడం మానేశాడు. నన్ను తిట్టలేదు, అత్తకు ఏమని చెప్పాడో తెలియదు. శనివారం నేను పోతే కాఫీ ఇస్తారు, కాలేజీ గురించి అడుగుతారు. నాతో మామూలుగానే ఉంటాడు. కాకపోతే నేను చెప్పినదాన్ని ఒకసారి తనే చూసుకుంటాడు. గ్యాసు కట్టేశాను మామా అంటే, సరేనప్పా అంటాడు. ఒక నిమిషం ఆగి, వేరే పని ఉన్నట్టు లేచి వంటింట్లోకి వెళ్తాడు. అక్కడ రెగ్యులేటరు మీద ఆయన చెయ్యి పడిన చిన్న చప్పుడు వినిపిస్తుంది. నేను పేపరు చదువుతున్నట్టు కూర్చుంటాను.