ఎడమ మలుపులో పూలకుండీలు

పొద్దున్నుంచీ ఒళ్లు మండిపోతోంది. అశోక్ నగర్‌లో మా కాలనీ పార్కులో ఇటుకలు పరిచిన చుట్టుదారి ఒకటుంది. ఒకటే బాట, కుడికీ ఎడమకీ మెలికలు తిరుగుతూ చివరికి నడుమనున్న రాయి దగ్గరికి చేరుస్తుంది. రోజూ మౌనంగా నడుస్తాను. నాకు అదే ధ్యానం.

ఈ రోజు వెళ్లేసరికి ఎడమకు తిరిగే మలుపులన్నిటికీ అడ్డంగా పూలకుండీలు! పెట్టించిన కాలనీ సెక్రటరీ గారు అక్కడే ఉన్నారు.

"ప్రదక్షిణ ఎప్పుడూ కుడివైపేనమ్మా. ఎడమకు తిరిగితే దోషం," అన్నారు.

హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కి చదివే పద్మ నా వెనకే వచ్చింది. "గట్లయితే నడుమకు ఎట్ల పోవాలె అంకుల్? నాలుగేండ్ల సంది పరీక్షలు రాస్తున్న. ఊర్ల అందరు దారి తప్పినవంటున్నరు. తప్పిపోకుండ నడిచే తొవ్వ నాకు ఇదొక్కటే ఉన్నది," అంది.

ఆయన వంగి, ఒక కుండీని ఇంకాస్త అడ్డంగా జరిపారు.

ఆ పిల్ల మొహం చూశాక నాకు ధ్యానమూ లేదు, శాంతీ లేదు. రేపు ఆరింటికి ఆ కుండీలన్నీ ఎత్తి పక్కన పెడుతున్నాను. చాలా బరువున్నాయి. ఎవరైనా వచ్చి ఒక చెయ్యి వేస్తారా? ఎడమ చెయ్యైనా పరవాలేదు.