సి డ్రైవు ఆకలికి డి డ్రైవు బలి

ఒక ఆదివారం మధ్యాహ్నం, ఎవరూ అడక్కుండానే, అనకాపల్లిలో ఒక చర్చివాళ్ల క్రిస్మస్ పాటలన్నీ మాయం చేశాను. ఎలాగో చెబితే నవ్వుతారు. నవ్వండి. ఆ రోజు నవ్వడానికైనా నా పక్కన ఎవరూ లేరు.

పెన్‌డ్రైవులు ఇంకా అందరి జేబుల్లోకీ రాని రోజులవి. నేను ఓ చిన్న ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటరు పాఠాలు చెప్పేవాణ్ణి. నాతో గదిలో ఉండే ఇద్దరు స్నేహితులూ అచ్యుతాపురం కంపెనీల్లో చేరి అటే మకాం మార్చేశారు. వాళ్ల ఖాళీ మంచాలూ, నేనూ, నా కంప్యూటరూ మిగిలాం. సాయంత్రం తాళం తీసి ‘వచ్చేశానోయ్’ అని దానికే చెప్పేవాణ్ణి. స్విచ్చి వేస్తే కుయ్‌మనేది. ఆ గదిలో నాకు దొరికే జవాబు అదొక్కటే.

ఆ డిసెంబరులో మాత్రం అదృష్టం కలిసొచ్చింది. కింది వాటాలో ఉండే మా ఇంటి ఓనరు ఎస్తేరు పిన్నిగారు చర్చిలో ఆడవాళ్ల చేత పాటలు పాడిస్తారు. సీడీ చేసిపెడతానని నోరు జారాను. వారంపాటు నా గది ఆడవాళ్లతో, డోలక్‌తో కిటకిటలాడింది. రికార్డింగ్ అయిపోయింది, సీడీలోకి ఎక్కించడమే మిగిలింది. అందరూ వెళ్లిపోయారు. గది మునుపటికంటే పెద్దదైపోయినట్టనిపించింది.

ఆ ఆదివారం ఏం తోచక, కంప్యూటరుకి విండోస్ కొత్త మరమ్మతుల మూట, అదే సర్వీస్ ప్యాక్, ఎక్కిద్దామని కూర్చున్నాను. సగంలో కంప్యూటరు ఆగి, చోటు చాలదు, ఒకటిన్నర జీబీ ఖాళీ చెయ్యమంది. నన్ను ఒకరు ఏదైనా అడిగి ఎన్నాళ్లయిందో! కర్ణుడిలా లేచాను. ముందు నా సినిమా పాటలు తీసేశాను. తర్వాత ‘న్యూ ఫోల్డర్’ అని ఒకటి, అన్నిటికంటే లావుగా కనబడింది. ‘పేరైనా లేని దానికి ఇంత ఒళ్లెందుకు?’ అనుకుని, మళ్లీ తిరిగిరాకుండా షిఫ్టు కూడా కలిపి డిలీట్ కొట్టాను.

మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అదే మాట: చోటు చాలదు.

అప్పుడు చదివాను, పూర్తిగా. చోటు కావలసింది సి డ్రైవులో. నేను ఊడ్చింది డి డ్రైవు. ఇల్లు అలకగానే పండగ కాదంటారు. నేను అలికింది పక్కింటి అరుగు. ఆ న్యూ ఫోల్డరుకి పేరు పెట్టడానికి బద్ధకించిన మహానుభావుణ్ణి నేనేనని, అందులో ఉన్నవి పిన్నిగారి పాటలని, అప్పుడు గుర్తొచ్చింది.

కిందికి దిగి చెప్పాను.

“పోయేయా? ఎలా పోతాయి? కాళ్లున్నాయేటి?”

“చోటు కావాలని కంప్యూటరు అడిగిందండి.”

“అడిగితే మా పాటలే దొరికేయా నీకు! పోనీ, సోటొచ్చిందా?”

“రాలేదండి. సి లో చెయ్యాల్సింది, డి లో చేశాను.”

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. “ఏటి ప్రసాదూ, పిల్లలకి కూడా నువ్వే సెప్తన్నావా ఈ సదువు?”

మర్నాటి నుంచి అందరూ మళ్లీ వచ్చారు. డోలక్ వచ్చింది. తిట్లు వచ్చాయి. తిట్లతోబాటు పులిహోర కూడా వచ్చింది. ఒకావిడ ఖాళీ మంచం మీద దర్జాగా చతికిలబడి, “మమ్మల్ని మళ్లీ రప్పించడానికే తుడిపేసేవు గదా!” అంది. కాదని గట్టిగా అన్నాను. ఎందుకో నా గొంతు నాకే నమ్మకంగా వినబడలేదు.

సీడీ తయారైంది. పండగ ఆరాధన అయ్యాక పాస్టరుగారు దాన్ని మైకులో పెట్టారు. పాటకు ముందు పిన్నిగారి గొంతు చర్చంతా మోగింది:

“నీ కంప్యూటరు మండిపోనూ ప్రసాదూ! పొద్దుట్నుంచీ దాని ముందే కూకున్నావు. అన్నం తిన్నావా లేదా?”

వెంటనే డోలక్, వెంటనే స్తోత్రం.

రికార్డింగప్పుడు మైకు ముందే ఆన్ చేసి మరిచిపోయింది నేనే. చర్చి చర్చంతా వెనక్కి తిరిగి, చివరి వరసలో ఉన్న నన్ను చూసింది. పిన్నిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పాస్టరుగారు మాత్రం గంభీరంగా, “తిన్నావా బాబూ?” అన్నారు.

ఆ తర్వాత వీధిలో నా పేరు తెలియనివాళ్లు లేరు. ఎదురుపడ్డవాళ్లందరిదీ అదే ప్రశ్న.

అందుచేత సకల డ్రైవుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: సి ఏదో డి ఏదో చూడకుండా డిలీట్ నొక్కను, ఫోల్డరుకు నామకరణం చెయ్యకుండా నిద్రపోను. ఇక పిన్నిగారి తిట్టున్న ఆ ఫైలంటారా, సర్వీస్ ప్యాక్ కాళ్లావేళ్లా పడి బతిమాలినా ఆ చోటు మాత్రం ఖాళీ చెయ్యను.