దావూద్ ఒట్టు, రామాయమ్మ పంపు స్టవ్వు

దావూద్‌కు రెండు పనులు వచ్చు. పంపు స్టవ్వులు బాగుచేయడం ఒకటి, బాగుచేశానని నరసరావుపేట బజారంతా చెప్పుకోవడం రెండోది. రెండోదానిలో అతన్ని మించినవాడు పల్నాడులో లేడు. ఆసుపత్రిలో సూదులు ఉడకబెట్టే స్టవ్వు తన చేయి పడ్డాకే ఊళ్లో జ్వరాలు తగ్గాయని కూడా అనేవాడు. అనడానికి అతనికి సిగ్గు లేదు, వినేవాళ్లకు పని లేదు.

అలాంటివాడికి పందొమ్మిది వందల అరవై రెండులో రామాయమ్మ స్టవ్వు తగిలింది. రామాయమ్మ ఈపూరు నుంచి కాపురానికి వచ్చిన రైతుబిడ్డ. కట్టెల పొగ పడక, మొగుడి ప్రాణం తీసి మరీ ఇత్తడి స్టవ్వు కొనిపించుకుంది. అది కాసేపు భగ్గుమని మండేది, ఆపైన బుస్సుమని ఆరిపోయేది. దావూద్ విప్పి చూస్తే ఆవిరి చిమ్మే సన్నటి చిల్లులో పచ్చటి మడ్డి కనబడింది. పిన్నుతో పొడిచి, వెలిగించి చూపించి పంపాడు. రెండు రోజులకు మళ్లీ వచ్చింది. ఈసారి పంపులో తోలు వాషరు కూడా మార్చాడు. అయినా తిరిగొచ్చింది.

దాంతో కిరసనాయిలు కొట్టు నాగేశ్వరరావు మీదికి పోయాడు.

"నీ నూనె నిండా మడ్డే."

"మడ్డి నా నూనెలో లేదురా, నీ బుర్రలో ఉంది. ఊరంతా ఇదే నూనె పోయించుకుంటంది, ఎవరి పొయ్యి ఆరుతుందో చెప్పు" అన్నాడు నాగేశ్వరరావు.

బజారు నవ్వింది. దావూద్‌కు పౌరుషం తన్నుకొచ్చింది. స్టవ్వు రెండు చేతులా పైకెత్తి, పదిమందిలో నిలబడి, "ఇంకోసారి ఇది ఆరిందా, నా పేరు దావూదే కాదు" అని ఒట్టు పెట్టుకున్నాడు.

మూడోనాడు ఆరింది.

అంతే, బజారు అతని పేరు పీకేసింది. మా పల్నాడు వాళ్లకు ఎగతాళి చేయడానికి ముహూర్తం అక్కర్లేదు. టీ కొట్టువాడు "పేరులేనాయనా" అని పిలవడం మొదలెట్టాడు. "కొత్త పేరేందిరా, చీటీ మీద రాసియ్యి" అన్నాడు నాగేశ్వరరావు. రిపేరుకొచ్చే వాళ్లు కూడా "పేరున్న మెకానిక్కు ఎవరన్నా ఉన్నాడా" అని అతన్నే అడిగేవాళ్లు. అవన్నీ దులుపుకున్నాడు. ఇంట్లో భార్య హజ్రా బీ అన్నం వడ్డిస్తూ, "నేనెటూ మీ పేరు నోటితో అనను గదా, నాకొచ్చిన నష్టమేం లేదులే" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నప్పుడు మాత్రం ముద్ద దిగలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

మర్నాడు పొద్దున్నే రామాయమ్మ ఇంటికి పోయి వరండాలో కూర్చున్నాడు. వంటింట్లోకి అతన్ని రానివ్వరు.

"పొయ్యి ఇక్కడికే తెచ్చి, రోజూ ఎట్ట వెలిగిస్తారో అట్టనే వెలిగించక్కా. నేను నోరెత్తను" అన్నాడు. నోరెత్తకుండా ఉండటం అతనికి ఎంత కష్టమో ఆ ఇంటివాళ్లకు తెలియదు.

రామాయమ్మ స్టవ్వు తెచ్చి పెట్టి అగ్గిపుల్ల తీసింది. "ఆగవే" అంటూ అత్తగారు పుల్లమ్మ పసుపు గిన్నెతో వచ్చింది. డెబ్బై ఏళ్ల ముత్తయిదువ. స్టవ్వు ఎదుట చతికిలబడి, ముద్దపసుపు వేలితో తీసి, బర్నరు నడిమధ్యన, సరిగ్గా ఆ చిల్లు మీదే, దిట్టంగా పట్టించింది. దానిమీద కుంకుమ అద్దింది.

దావూద్ కళ్లు తేలేశాడు.

"రోజూ పెడతారా?"

"పొయ్యి గదయ్యా, బొట్టు పెట్టకుండా వెలిగిస్తామా? బజారుకి పంపేటప్పుడు మాత్రం చింతపండేసి తోమి పంపుతా" అంది రామాయమ్మ.

దొంగ దొరికింది. ఇక టీ కొట్టు ముందు నిలబడి, చేతులూపుతూ ముసలమ్మ పసుపు కథ చెప్పాలి. నాగేశ్వరరావు మొహం మాడిపోవాలి. పోయిన పేరు పరుగెత్తుకుంటూ రావాలి. అతని కాళ్లు అప్పుడే బజారు వైపు లాగుతున్నాయి.

"ఇంతకుముందు చిటికెడే పెట్టేదాన్ని అబ్బాయ్" అంది పుల్లమ్మ చెయ్యి తుడుచుకుంటూ. "నువ్వు పేరు మీద ఒట్టు పెట్టుకున్నావని తెలిసినకాణ్ణుంచి ముద్దగా పెడతన్నా. పాపం సాయిబు, పెళ్లాం పిల్లలు గలవాడు, నలుగురిలో ఆయన పేరు నిలబెట్టు తల్లీ అని దణ్ణం కూడా పెట్టుకుంటన్నా. అయినా ఆరిపోతంది. నా మొక్కులో ఏం లోపముందో ఏమో."

బజారు వైపు లాగుతున్న దావూద్ కాళ్లు ఆగిపోయాయి. ఊరంతా అతని పేరుతో ఆడుకుంటుంటే, దాని కోసం దణ్ణం పెట్టుకున్న మనిషి ఈమె ఒక్కతే. ఆ దణ్ణమే కొంప ముంచిందనుకోండి, అది వేరే సంగతి.

"లోపం నీది గాదు పెద్దమ్మా. దీని నుదురు అది గాదు" అని ఇత్తడి ట్యాంకు మీద వేలు పెట్టి చూపించాడు. "ఇదీ నుదురు. ఇక్కడ ఎంత పెట్టినా ఏం గాదు."

చిల్లు శుభ్రం చేసి వెలిగించాడు. అన్నం ఉడికింది, పప్పు ఉడికింది, స్టవ్వు మండుతూనే ఉంది.

వారం తిరిగినా అది ఆరలేదు. నాగేశ్వరరావు ఇక ఆగలేక, దావూద్‌ను నిండు బజారులో నిలేశాడు.

"చివరికి దేనివల్లంట్రా ఇన్నిసార్లు ఆరింది?"

చుట్టూ జనం చేరారు. పసుపు కథంతా దావూద్ నాలుక మీదే ఉంది. మింగేశాడు.

"నాకు పని సరిగ్గా రాక" అన్నాడు.