పై మడుగులో ఏమీ లేదు

ఇమెల్డా ప్రూ మెడ వెనకాల, రెండు భుజాలకీ నడుమ, అరచేయంత కాయ ఉండేది. పడవని బోర్లించి మోసేటప్పుడు దాని అడ్డకర్ర కాడిలా ఆనే చోటు అది. కోటు కొనడానికి వెళ్తే కాలరు అక్కడ లేచి నిలబడేది. పుట్టుకతో వచ్చిందా అని ఓ డాక్టరమ్మ అడిగితే, "లేదండీ, పెళ్ళితో వచ్చింది" అంది.

నిజానికి పెళ్ళయిన కొత్తలో పడవ మోసింది ఆమె మొగుడు ఆంబ్రోసే. అతని తండ్రి కూడా చేపలు పట్టడానికి వచ్చే పట్నపు వాళ్ళని అడవిలోకి తీసుకెళ్ళి తెచ్చేవాడు. ఆ పనే ఆంబ్రోస్‌కి వచ్చింది. మట్టావా నదికి దక్షిణాన ఉన్న ఆ అడవిలో దారులంటే సరస్సులే. ఒక సరస్సు దాటాక పడవని నెత్తిమీద బోర్లించుకుని, చెట్ల మధ్య నడిచి, ఇంకో సరస్సులో దింపాలి. ఆ నడకని అక్కడందరూ మోత అంటారు. ఆంబ్రోస్ పడవ మోస్తే, ఇమెల్డా నుదుటి పట్టీకి తగిలించిన తిండిమూట మోసేది. చెట్లు నరికే లాగింగు క్యాంపుల్లో వంట చేసిన తండ్రి కూతురు కాబట్టి వానలో తడిసిన కట్టెలతో కూడా పొయ్యి రాజేసేది. వచ్చినవాళ్ళు ఆంబ్రోస్ కబుర్ల కోసం ఒకసారి వచ్చేవాళ్ళు, ఆమె వేయించే బంగాళాదుంపల కోసం రెండోసారి వచ్చేవాళ్ళు.

ఒక వసంతంలో ఆంబ్రోస్ పడవతో సహా తడిసిన దుంగ మీంచి జారాడు. పడవకి గీత కూడా పడలేదు, అతని మోకాలు మాత్రం మళ్ళీ మామూలు కాలేదు. ఆ వేసవికి ఎవరినైనా కూలికి పెట్టుకుందామనుకున్నారు. ఎవరూ దొరకలేదు. "సరే, నేనే ఎత్తుకుంటాలే ఈ ఏడాదికి" అంది ఇమెల్డా. ఆ ఏడాది అలా సాగుతూనే పోయింది. ఆమెకి యాభై ఎనిమిది వచ్చినా పడవ ఆమె నెత్తిమీదే ఉంది.

వాళ్ళ బతుకంతా చుక్కల ట్రౌట్ అనే చేప మీదే నడిచింది. ముదురు వీపు మీద పురుగు పాకినట్టు గీతలు, పక్కల ఎర్రని చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ నీలం అంచు, కింది రెక్కలకి తెల్లని కొస. చల్లటి నీళ్ళలోనే బతుకుతుంది. మంచు కరిగిన కొత్తలో నాలుగైదు వారాలు మాత్రం నీటి పైకి వస్తుంది, తర్వాత లోతుకి దిగిపోతుంది. సరిగ్గా ఆ వారాల్లోనే నల్ల ఈగలూ పుడతాయి. చెవుల వెనకా, జుట్టు మొదట్లో, చొక్కా చేతుల మడతల్లో దూరి నెత్తురు తాగుతాయి. పడవ మోసేవాడికి రెండు చేతులూ ఖాళీ ఉండవు కాబట్టి తోలుకోవడం కూడా కుదరదు.

వెండెల్ పైక్ పదకొండేళ్ళుగా ప్రతి మే నెలలోనూ వచ్చేవాడు. ఒహాయోలో ఫైరింజన్లు బాగుచేసి రిటైరైన మెకానిక్కు. ఎక్కువ మాట్లాడడు, ఈగల గురించి సణగడు, తన మూట తనే మోసుకుంటాడు. అన్నింటికన్నా ముఖ్యంగా, పట్టిన చేపల్లో రాత్రి కూటికి సరిపడా ఉంచుకుని మిగతావి వదిలేస్తాడు. ఆ ఏడాది అతను మనిషి సగమై వచ్చాడు. చలికాలంలో గుండెకి స్టెంట్లు వేశారట. వెంట కూతురు కొరిన్ వచ్చింది. అడవి కోసం రాలేదు ఆమె, తండ్రికి కాపలా వచ్చింది.

పడవ దింపుతుంటే కొరిన్ ఇమెల్డాని పక్కకి పిలిచింది. "ఆంటీ, ఆయన్ని బరువులు ఎత్తనివ్వొద్దని డాక్టరు చెప్పాడు. నేను చెప్తే వినడు. మీరు చెప్తే వింటాడేమో."

"మా ఆయనే నా మాట వినడమ్మా, మీ నాన్న వింటాడా?" అంది ఇమెల్డా. అయినా వెండెల్ మూట తీసి తన మూట మీద కట్టేసింది. అతను చూసి ఏదో అనబోయి ఊరుకున్నాడు. ఎప్పుడూ లేనిది ఊరుకున్నాడంటే ఒంట్లో ఎంత ఖాళీ అయిపోయిందో ఆమెకి అర్థమైంది.

దారి పొడుగునా వాన. జోరున కురిసి వెలిసేది కాదు, ఆగీ ఆగకుండా కురిసే మొండి వాన. మూడో మోత అన్నిట్లోకీ పొడుగు, సగం బురద నేల. ఇమెల్డా ఒకసారి పడవ, ఇంకోసారి మూటలు మోసింది. పెళ్ళయిన కొత్తలో ఈ దారిలో మూస్ దుప్పుల అడుగులు వెతుక్కుంటూ నడిచేది. ఇప్పుడామెకి కనిపించేది తన బూట్ల ముందు రెండడుగుల బురద మాత్రమే. పడవ లోపల తన ఊపిరి తనకే తిరిగొచ్చి తగులుతుంటే, ఇది ఎవరో ముసలిదాని ఊపిరిలా ఉందే అనిపించింది.

వెనక కర్ర ఊతంతో కుంటుతూ వచ్చిన ఆంబ్రోస్ అరిచాడు. "ఏమే, బతికే ఉన్నావా లోపల?"

"పోయాను. వంట నువ్వే చూసుకో."

"అయితే ఇవాళ అందరం పస్తే!"

ఏటా వెళ్ళే మార్జరీ సరస్సు చేరేసరికి వాన తగ్గింది. గుడారాలు వేశారు, టీ కాచుకున్నారు. పొద్దు వాలుతుంటే వెండెల్‌ని పడవ ముందు కూర్చోబెట్టి, వాగు వచ్చి కలిసే చోటికి ఇమెల్డా తెడ్డు వేసింది. రెండోసారి విసిరేసరికే గాలపు కర్ర వంగింది. వెండెల్ మొహంలోకి రంగొచ్చింది. "పెద్దదే ఇమెల్డా, పెద్దదే!" అన్నాడు చిన్నపిల్లాడిలా. ఇమెల్డా వల ముందుకి చాపింది.

వలలో పడింది ట్రౌట్ కాదు. మట్టిరంగు ఒళ్ళు, ఎర్రని కన్ను, వీపున నిలబడ్డ ముళ్ళు.

"బాస్ చేప" అన్నాడు వెండెల్ మెల్లిగా.

ఆ సరస్సులో ఎన్నడూ పడని చేప. తర్వాత మళ్ళీ విసిరాడు, మళ్ళీ బాసే పడింది. మర్నాడు పొద్దుటినుంచీ సరస్సంతా తిరిగినా ఒక్క చుక్కల చేప తగల్లేదు. పోయినేడు తక్కువ పడితే ఎండలు ముందొచ్చాయనుకున్నారు. అంతకుముందేడు గాలి అనుకున్నారు. రోడ్డు లేని సరస్సు, చేపల్ని ఎవరు తెస్తారనుకున్నారు. చలికాలంలో సరస్సులు గడ్డకట్టాక మంచు బండ్ల మీద ఎవరైనా ఎంతదూరమైనా పోవచ్చు. ఎవడో బకెట్లో బాస్ పిల్లల్ని తెచ్చి, సరదాకే, వదిలేసి ఉంటాడు. బాస్ ఉన్న నీళ్ళలో ట్రౌట్ పిల్ల మిగలదు.

ఆంబ్రోస్ అలుపు లేకుండా తిట్టాడు. ఆ బకెట్ వాడి అమ్మనీ నాన్ననీ, వాడి బండినీ, ఆ బండికి పెట్రోలు పోసినవాణ్ణీ తిట్టాడు. ఇమెల్డా బాస్‌నే ముక్కలు కోసి వేయించింది. ఎవరూ బాలేదనలేదు.

తింటూ వెండెల్ అడిగాడు. "ఆ వాగు పైనుంచి వస్తోంది కదా. పైన ఏముంది?"

"ఓ మడుగు ఉంది" అన్నాడు ఆంబ్రోస్. "మా నాన్న ఎప్పుడో ఒకసారి వెళ్ళాడు. మధ్యలో జలపాతం ఉంది, చేప ఎగబాకలేదు. పడవ ఎక్కించడం చచ్చే చావు."

"బాస్ ఎక్కలేదన్నమాట."

"నాన్నా, వద్దు" అంది కొరిన్.

"నేనేమన్నాను? ఉందా అని అడిగాను, అంతే."

కానీ వెండెల్ చూపు అప్పటికే ఆ వాగు వెంట పైకెక్కుతోంది. అది చూసి ఇమెల్డా పళ్ళెం పక్కన పెట్టింది. "ముందు నేనొక్కదాన్నీ వెళ్ళి చూసొస్తాను. ఉంటే అప్పుడు చూద్దాం."

దారంటూ లేదు. స్ప్రూస్ చెట్లు ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. నాచు పట్టిన బండల మధ్య గోతులు ఆకులతో మూసుకుని ఉన్నాయి. చేతిలో చిన్న గాలపు కర్ర తప్ప ఏమీ లేకపోయినా రెండుచోట్ల కూలబడింది. జలపాతం పక్కన వేళ్ళు పట్టుకుని పాకింది. పైకి చేరాక ఒక చెట్టుకి వీపు ఆనించి ఊపిరి తీసుకుంది.

మడుగు చిన్నది. నీళ్ళు టీ డికాషన్ రంగులో ఉన్నాయి. గట్టు మీద మనిషి అలికిడి గుర్తే లేదు, పొయ్యి రాళ్ళు లేవు, డబ్బా ముక్క లేదు. ఒక బండ మీద నిలబడి విసిరింది. నీళ్ళు బద్దలయినట్టు లేచి కొరికింది చేప. తడి చేత్తో పట్టుకుని చూసింది. ఎర్రని చుక్కలు, నీలం అంచులు, తెల్లని కొసలు. మోచేయంత లేదుగానీ నిండుగా, బరువుగా ఉంది. వదిలేసి మళ్ళీ విసిరింది. మళ్ళీ పడింది. దాన్నీ వదిలేసింది.

సంతోషించాలి కదా ఆమె. ఆ క్షణాన ఆమెకి వచ్చిన మొదటి ఆలోచన ఏమిటంటే: అయ్యో, ఉన్నాయే. ఇప్పుడు పడవ ఇక్కడిదాకా మొయ్యాలి.

బండ మీద కూర్చుండిపోయింది. ఈగలు ముసిరాయి, తోలుకోలేదు. దిగువనున్న వెండెల్ గుర్తొచ్చాడు. ఉన్నాయని చెప్తే ఆయన ఎక్కుతాడు. కూతురు కాళ్ళు పట్టుకున్నా ఎక్కుతాడు. సగంలో పడిపోతే ఇక్కడికి హెలికాప్టరు కూడా దిగదు. లేదా ఏమీ కాకుండా ఎక్కేసి, ఈ నీళ్ళు చూసి, బతికినన్నాళ్ళూ తల్చుకుంటాడు. ఆ తర్వాత ఆయనైనా, ఆంబ్రోసైనా, ఎక్కడో ఒకచోట నోరు జారతారు. ఏదో ఒక చలికాలం ఇక్కడికీ ఒక బకెట్ వస్తుంది. ఇవన్నీ ఆలోచించింది. కానీ అన్నిటికన్నా ముందు వచ్చింది తన మెడ గురించే కదా అని కూడా ఆమెకి తెలుసు.

కిందికి దిగేసరికి ముగ్గురూ లేచి నిలబడ్డారు.

"జలగలు" అంది ఇమెల్డా. "పై మడుగులో ఇంకేమీ లేదు."

వెండెల్ తలూపాడు. మూట సర్దుకోవడానికన్నట్టు వెనక్కి తిరిగాడు. కొరిన్ గట్టిగా ఊపిరి వదిలింది.

ఇమెల్డా నీటి ఒడ్డున పెనం తోముతుంటే ఆంబ్రోస్ వచ్చి పక్కన కూర్చున్నాడు. మోకాలు చాపుకుని, భార్య చెయ్యి తీసుకుని వాసన చూశాడు. ముప్పై ఏళ్ళుగా చేపలు పట్టేవాడికి ఏ చేప వాసన ఏదో తెలియకపోదు.

"జలగలకి మంచి వాసనుందే" అన్నాడు.

"నోర్ముయ్యి."

"ఎన్ని?"

"విసిరిన రెండుసార్లూ పడ్డాయి."

ఆంబ్రోస్ వాగు వచ్చే వైపు తల తిప్పాడు. "అక్కడ చేపలున్నాయని మా నాన్న చెప్తే నమ్మలేదు నేను" అన్నాడు. ఆమె చేతిలోంచి పెనం అందుకుని తుడిచాడు.

మర్నాడు తిరుగు ప్రయాణంలో పొడుగు మోత దగ్గర కొరిన్ పడవకి ఒక కొస పట్టుకుంటానంది. వద్దన్నా వినలేదు. బురదలో పడుతూ లేస్తూ ఇద్దరూ తెచ్చారు. "మీరు రోజూ ఇదెలా చేస్తారు ఆంటీ?" అంది రొప్పుతూ. ఇమెల్డా బూట్ల బురద గీరుకుంది. చెయ్యకపోతే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు, అందుకని చేస్తూ వచ్చింది.

చలికాలంలో వెండెల్ ఫోన్ చేశాడు, రాబోయే మే నెల గురించి. ఫోనెత్తింది ఆంబ్రోస్. అవీ ఇవీ మాట్లాడుతూ మాట్లాడుతూ, పండగ ముందు కాస్త రమ్ము కూడా పడి ఉందేమో, పై మడుగు సంగతి చెప్పేశాడు. చెప్పాక గానీ ఏం చేశాడో తెలియలేదు. తెల్లమొహంతో ఫోన్ ఇమెల్డాకి అందించాడు.

"నిజమేనా ఇమెల్డా?" అన్నాడు వెండెల్.

"నిజమే."

"నాకు చెప్పొచ్చుగా. నేనెవరికి చెప్తాను?"

"మీరు చెప్పరని తెలుసు."

"నేను ఎక్కేవాణ్ణి."

"అదీ తెలుసు. అందుకే చెప్పలేదు." ఇంక దాచడమెందుకనిపించిందో ఏమో, "నాకూ ఓపిక లేదు వెండెల్. పడవ అంత పైకి మొయ్యలేక కూడా" అంది.

"పడవ లేకుండా గట్టు మీంచి విసిరేవాణ్ణి నేను" అన్నాడు వెండెల్. ఫోన్ పెట్టేశాడు.

ఆ మాట ఆమెకి తట్టనే లేదు. పడవ అక్కర్లేదని, తను పట్టింది కూడా బండ మీద నిలబడేనని. అన్నేళ్ళు మోసి మోసి, ఎక్కడికైనా పడవ మొయ్యకుండా పోవచ్చన్న సంగతే మెదడులోంచి పోయింది. ఆ రోజంతా వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తూనే ఉంది. ఆంబ్రోస్ గరాజ్‌లోకి పోయి భోజనానిక్కూడా రాలేదు.

వెండెల్ మళ్ళీ రాలేదు. ఒకటి రెండేళ్ళు పండక్కి కార్డు కూడా లేదు. తర్వాత ఒకసారి కొరిన్ ఫోన్ చేసి, నాన్న బాగానే ఉన్నాడని, ఊళ్ళో చెరువు గట్టున కుర్చీ వేసుకుని చిన్న చేపలు పడుతూ వాటిని నోటికొచ్చినట్టు తిడుతున్నాడని చెప్పింది. "మీమీద ఇంకా కోపమే" అంది. "కానీ మీ బంగాళాదుంపలు ఎలా వేయిస్తారో అడిగి తెలుసుకోమన్నాడు." ఇమెల్డా చెప్పింది. పంది కొవ్వు ఎక్కువ వెయ్యమంది, మూత పెట్టొద్దంది.

ఆ ఫోన్ కాల్ వచ్చేనాటికే వాళ్ళు పని మానేశారు. మార్జరీలో చుక్కల చేప లేకపోయాక తీసుకెళ్ళడానికి అంత మంచి సరస్సు ఇంకోటి లేదు, ఉన్నా మోసే మనిషి లేదు. ఇమెల్డా పట్టణంలో వృద్ధాశ్రమం వంటగదిలో చేరింది. అక్కడ గంజి గిన్నెలకి చక్రాల బండి ఉంది, తోసుకుంటూ పోవడమే. మొదటి వారం ఆ బండి తొయ్యడమే ఆమెకి విచిత్రంగా అనిపించింది.

మానేసిన ఏడాది ఏప్రిల్ ఆఖర్న ఒక పొద్దున ఆంబ్రోస్ కిటికీ దగ్గర నిలబడి నది వంక చూశాడు.

"ఇమెల్డా, మంచు కదిలింది."

"ఊఁ" అంది దుప్పట్లోంచి.

"చుక్కల చేపలు పైకొచ్చే వేళ."

ఆ రోజు ఆమెకి డ్యూటీ మధ్యాహ్నం నుంచి. గోడవైపు తిరిగి, దుప్పటి చెవులదాకా లాక్కుని మళ్ళీ నిద్రపోయింది.