ముద్ర మీద ముద్ర

మా గణేశ్వరరావు బాబాయ్‌కి చెక్కుచెదరని వస్తువంటే చిన్నచూపు. సొట్ట పడాలి, గీత పడాలి, ఎవడో ఒకడు దాని మీద తన గుర్తు కొట్టి ఉండాలి. అప్పుడే అది ఆయన కంటికి ఆనుతుంది.

మా దీవిలో మిడిల్ పాయింట్ బజారు గిన్నెల కొట్టు శ్రీను, ఓడలో సొట్టలు పడి వచ్చిన బిందెలన్నీ ఆయన కోసమే అట్టేపెడతాడు. ఓసారి బాబాయ్ వచ్చేసరికి సొట్ట బిందెలు అయిపోతే, శ్రీను గబగబా సుత్తి పుచ్చుకుని ఓ కొత్త బిందెకి సొట్ట పెట్టాడు. బాబాయ్ పది రూపాయలు ఎక్కువిచ్చి మరీ కొన్నాడు. పిన్ని ఆ వారమంతా ఆయనతో మాట్లాడలేదు.

ఈ పిచ్చికి మూలం ఆయన దగ్గరున్న కుంఫిణీ కాలం నాటి వెండి రూపాయి. దాని మీది రాజుగారి బొమ్మ చెంపన ఎవరో షావుకారు కొట్టిన పువ్వు ముద్ర ఉంటుంది.

"నాణెం చెడగొట్టినట్టే కదా బాబాయ్?"

"అరే పిచ్చోడా! రాజు కొట్టిన రూపాయిలు బోలెడు. ఈ పువ్వు పడ్డయి ఎన్నున్నాయి? పరాయి రేవులో దీన్ని అనుమానించారు, గీసి సూశారు, అసలుదే అని గుర్తు కొట్టారు. నాణేలు పోగేసేవోళ్లకీ కావాల, గుర్తులు పోగేసేవోళ్లకీ కావాల. ఇద్దరూ పోటీపడి పాట పెంచుతారు. సమ్‌ఝా?"

అప్పుడు నాకు అర్థం కాలేదు. ఎనభై వేల దగ్గర పాట మొదలెడతామని చెన్నై వేలంవాళ్లు ఫోన్ చేశాక మాత్రం చప్పున అర్థమైంది.

దాన్ని పంపడానికి బయల్దేరి ఇద్దరం టీకొట్టులో ఆగాం. అక్కడ మా వీధి రాజకుమారి కళ్లు తుడుచుకుంటోంది. బోటు నడిపే సరంగు పరీక్ష తప్పింది. చనిపోయిన తండ్రి బోటు తనే నడపాలని ఆ అమ్మాయి పట్టుదల. లైసెన్సు రాకపోతే బోటు అమ్మేస్తానంది తల్లి కాళమ్మ. రాజకుమారి ఫలితం కాగితం చింపబోతే బాబాయ్ చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగమ్మా! గుండ్రటి సీలు మీద ఎర్రగా ఫెయిల్ ముద్ర! ఎంతకిస్తావు?"

"మజాక్ సెయ్యకు మావయ్యా. ఇంక నాను రాయను."

"మజాక్ కాదు, ఏలం! ఏరా, నీ పాటెంత?"

"టీ డబ్బులు," అన్నాను.

"నాది ఇది." ఆ వెండి రూపాయి బల్ల మీద పెట్టాడు. "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి!"

నేను నోరు తెరిచే లోపు నాణెం ఆ అమ్మాయి గుప్పిట్లో ఉంది.

"మళ్లీ రాయమ్మా. మళ్లీ తప్పితే ఆ కాయితం కూడా నేనే కొంటా. నా కాడ బిందెలు సానా ఉన్నాయి."

ఆ అమ్మాయి ఏడుస్తూనే నవ్వేసింది. కాళమ్మ కూడా రెండో పరీక్ష దాకా ఆగింది.

మూడు నెలలకు రాజకుమారి పాసై రూపాయి తిరిగిచ్చేయబోయింది.

"నీది నువ్వు తీసుకో మావయ్యా. నా కాయితం ఇచ్చేయ్, తగలెట్టేస్తాను."

"ఏలంలో కొన్నది వాపస్ లేదు!"

ఇప్పుడు నాణెం బోటులో చుక్కాని దగ్గర వేలాడుతోంది. ఫెయిల్ కాగితం బాబాయ్ గోడ మీద, అద్దాల ఫ్రేములో ఉంది. ఇన్నాళ్లూ ఆయన్ని చూసి నవ్వినందుకు నాకు సిగ్గేసింది.

మొన్న నా ప్రమోషన్ పరీక్ష పోయింది. ఇంట్లో చెప్పకుండా కాగితం పట్టుకుని బాబాయ్ దగ్గరికే వెళ్లాను. కళ్లజోడు పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

"సీలు సరిగా పళ్లేదు. ఒక బిందె ఇస్తా." లోపల్నుంచి ఓ సొట్ట బిందె తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇది శ్రీను సుత్తితో కొట్టింది కదా!"

"తెలుసురా. ఆ సప్పుడు ఈధి సివర దాకా ఇనబడింది. ఆ రోజు ఆడికి బోణీ కాలేదు."

బిందె చంకన పెట్టుకుని ఇంటికొచ్చి, పుస్తకం తెరిచాను.